ఇరవై ఎంబీల సాక్ష్యం

సాఫ్ట్‌వేరు వాళ్ళని కదిలిస్తే కొత్త లాంగ్వేజి గురించో, క్లౌడు గురించో, ఇప్పుడైతే ఏఐ గురించో గంటలు గంటలు చెప్తారు. సర్వరులో లాగ్ సెట్టింగుల గురించి ఎవరైనా కబుర్లు చెప్పుకోగా విన్నారా? నేనైతే వినలేదు. పెళ్ళింట్లో జనరేటరు లాంటిదది. కరెంటు పోయేదాకా అదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. పోయాక మాత్రం "డీజిలు పోశారా లేదా" అని అందరూ అరిచేవాళ్ళే.

ఈ సోదంతా ఎందుకంటే, ఆ సెట్టింగుల విషయంలో నేను చేసిన ఒక వెధవ పని వల్ల ఒక కుర్రాడి ఉద్యోగం పోయింది. చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఇవ్వాళ రాసేస్తున్నాను.

ముందు ఈ గొడవలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈవెంట్ లాగ్ అంటే సర్వరు తన గురించి తానే రాసుకునే చిట్టా. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరు పాస్‌వర్డ్ తప్పు కొట్టారు, ఏ సర్వీసు ఆగింది, మెషిను ఎప్పుడు రీస్టార్ట్ అయింది.. ఇలాంటివన్నీ టైముతో సహా అందులో పడుతుంటాయి. మా తాతయ్యకి తెనాలి దగ్గర చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేసే ముందు చిట్టా రాయకుండా ఇంటికొచ్చేవాడు కాదు. "ఇంత చిన్న కొట్టుకి రోజూ ఎందుకు తాతయ్యా" అంటే, "లెక్క కోసం కాదురా, తగాదా కోసం" అనేవాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయ్యాక, 2023లో, బాగా అర్థమైంది.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సర్వర్లు చూసే టీములో ఉండేవాణ్ణి. ఒక అప్లికేషన్ వేరే మెషినుకి కనెక్ట్ అవడం లేదని కంప్లైంటొచ్చింది. ఫైర్‌వాల్ ఆపేస్తోందేమో చూద్దామని, ఆ సర్వరు ఆడిట్ పాలసీలో "ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ కనెక్షన్" అనేది ఆన్ చేశాను. అది ఆన్ చేస్తే సర్వరుకొచ్చే, సర్వరు నుంచి పోయే వాటిలో అనుమతి దొరికిన ప్రతి కనెక్షనుకీ సెక్యూరిటీ లాగ్‌లో 5156 అనే నంబరుతో ఒక ఎంట్రీ పడుతుంది. అరగంటలో సమస్య దొరికింది, సరిచేశాను, టీ తాగడానికి వెళ్ళిపోయాను. ఆన్ చేసింది ఆఫ్ చెయ్యడం మర్చిపోయాను. అంతే. నేను చేసిన ఘనకార్యం అంతే.

ఇప్పుడు చిన్న లెక్క. ఆ సర్వరులో సెక్యూరిటీ లాగ్ గరిష్ఠ పరిమాణం 20 ఎంబీ. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. విండోస్‌లో మనం ఏమీ సెట్ చెయ్యకపోతే 20 ఎంబీయే అని గ్రూప్ పాలసీ సెట్టింగు వివరణలోనే రాసి ఉంటుంది. ఒక్కో ఎంట్రీ సుమారు అర కేబీ అనుకుంటే 20 ఎంబీలో 40 వేల ఎంట్రీలు పడతాయి. నిండాక పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. మామూలుగా ఆ సర్వరు రోజుకి 10 ఎంబీ దాకా రాసేది, అంటే రెండ్రోజుల చరిత్ర ఉండేదన్నమాట. అదే తక్కువ. నా 5156 పుణ్యమా అని సెకనుకి రెండు చొప్పున ఎంట్రీలు పడటం మొదలైంది. 40 వేలని రెండుతో భాగిస్తే 20 వేల సెకన్లు. అంటే అయిదున్నర గంటలు. రెండ్రోజుల జ్ఞాపకశక్తిని ఒక పూటకి తగ్గించి, హాయిగా టీ తాగానన్నమాట.

తర్వాత ఏం జరిగిందో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. ఆ నెల మొదటి శనివారం రాత్రి పదకొండు నలభై ప్రాంతంలో ఆ సర్వరు మీద ఇన్వాయిసుల ఫోల్డరు ఖాళీ అయిపోయింది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి అకౌంట్స్ వాళ్ళు గోల పెట్టారు. శుక్రవారం బ్యాకప్ నుంచి ఫైళ్ళు తెచ్చి పెట్టేసరికి సాయంత్రమైంది. శనివారం పని పోయింది. క్లయింటు నుంచి ఘాటు మెయిలు. ఇక మొదలైంది, ఎవరు డిలీట్ చేశారు?

ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ అట్టడుగుకి వెళ్ళాను. అన్నిటికంటే పాత ఎంట్రీ ఆ సోమవారం తెల్లవారుజాము నాలుగు గంటలది. పైన చూస్తే అంతా 5156, 5156, 5156. వేలకి వేలు. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కాల్‌లో మేనేజరు "లాగ్స్ ఏమంటున్నాయి?" అనడిగితే, "ఓవర్‌రైట్ అయ్యాయి సార్" అన్నాను. గమనించారా, "అయ్యాయి" అన్నాను. "చేశాను" అనలేదు. మన భాషలో ఈ సౌకర్యం ఒకటుంది. పని జరిగినట్టు ఉంటుంది, చేసినవాడు ఉండడు.

శనివారం రాత్రి షిఫ్టులో ఉన్నది ఒక కాంట్రాక్టు కుర్రాడు. నల్లగొండ దగ్గరి ఊరు. వెండరు ద్వారా వచ్చి ఏడు నెలలైంది. అతని దగ్గర ఆ సర్వరు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఉంది. మాట వరసకి చెప్తున్నాను, ఆ పాస్‌వర్డ్ నా దగ్గరా ఉంది, ఇంకో ఎనిమిది మంది దగ్గరా ఉంది. అందరం ఒకే అకౌంటుతో లోపలికెళ్ళేవాళ్ళం. "నేను ఆ ఫోల్డర్ జోలికే పోలేదన్నా" అని నాతో ఒకటికి నాలుగు సార్లు చెప్పాడు. కానీ ఆ టైముకి డ్యూటీలో ఉన్నది అతనే, పాస్‌వర్డ్ ఉన్నది అతని దగ్గరే, కాదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఆర్‌సీఏలో "మూలకారణం: మానవ తప్పిదం" అని రాశారు. పది రోజుల్లో వెండరు అతన్ని ప్రాజెక్టు నుంచి తీసేశాడు. బెంచి మీద కూర్చోబెట్టే స్థోమత ఆ వెండరుకి లేదు. నేను నోరు మెదపలేదు.

సిగ్గుతోనో భయంతోనో, ఆ వారంలోనే సెట్టింగులన్నీ మార్చాను. 5156 ఆపేశాను. సెక్యూరిటీ లాగ్ 1 జీబీకి పెంచాను. ఆ ఫోల్డరు ఒక్కదాని మీద ఫైల్ ఆడిటింగ్ పెట్టాను. దీనికి పాలసీలో ఆన్ చేస్తే సరిపోదు, ఆ ఫోల్డరు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ఎవరి ఏ పనిని రాయాలో విడిగా చెప్పాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు. అది కూడా ముందు లేదు కాబట్టి, లాగ్ నిండకపోయినా డిలీట్ చేసిన ఎంట్రీ మాకు దొరికేది కాదు.

తర్వాతి నెల మొదటి శనివారం. మళ్ళీ పదకొండు నలభై. మళ్ళీ ఫోల్డరు ఖాళీ! ఈసారి లాగ్ ఉంది. 4663 ఎంట్రీలు వరసగా ఉన్నాయి. అకౌంటు అడ్మినిస్ట్రేటర్. ప్రాసెస్ పేరు మాత్రం రోబోకాపీ. ఎప్పుడో ఎవరో పెట్టిన షెడ్యూల్డ్ టాస్కు. నెలకోసారి పాత సర్వరు నుంచి ఈ ఫోల్డరుకి "మిర్రర్" ఆప్షనుతో కాపీ చేస్తుంది. మిర్రర్ అంటే అక్కడ ఉన్నది ఇక్కడ ఉండాలి, అక్కడ లేనిది ఇక్కడా ఉండకూడదు. పాత సర్వరుని రిటైర్ చేస్తూ అక్కడి డిస్కు ఖాళీ చేశారు. అక్కడ ఖాళీ కాబట్టి ఇక్కడా ఖాళీ. ఆ టాస్కు తనకి చెప్పిన పని చక్కగా చేసింది, పాపం.

టాస్క్ షెడ్యూలర్‌లో ఏ టాస్కు ఎప్పుడు నడిచిందో చూపించే హిస్టరీ ఒకటుంటుంది కదా, అదెందుకు చూడలేదంటారేమో. అది డిఫాల్టుగా ఆఫ్‌లో ఉంటుంది. మా సర్వరులోనూ ఆఫే.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని విషయం ఇంకొకటుంది. సెక్యూరిటీ లాగ్‌లో లాగిన్ ఎంట్రీ నంబరు 4624. అందులో "లాగాన్ టైప్" అని ఒక అంకె ఉంటుంది. మనిషి రిమోట్ డెస్క్‌టాప్‌తో వస్తే 10. షెడ్యూల్డ్ టాస్కు వస్తే 4. మొదటి శనివారం లాగ్ గనక మిగిలుంటే పదకొండు నలభైకి లాగాన్ టైప్ 4 అని కనపడేది. ఫైల్ ఆడిటింగ్ లేకపోయినా, "ఇది మనిషి కాదు, టాస్కు" అని అయిదు నిమిషాల్లో తేలేది. శనివారం రాత్రి నుంచి సోమవారం తొమ్మిదిన్నర దాకా 34 గంటలు. నేను చెయ్యి పెట్టక ముందు ఆ లాగ్ 48 గంటలు దాచేది. అంటే ఆ దిక్కుమాలిన డిఫాల్టు 20 ఎంబీ కూడా అతన్ని కాపాడేది. నేను కాపాడనివ్వలేదు.

అప్పుడు మెయిలు రాశాను. మొత్తం. ఈసారి "చేశాను" అనే రాశాను. ఆర్‌సీఏ మార్చారు. మేనేజరు తిట్టారు, తిట్టాల్సిందే. కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అప్పుడు చెప్పాల్సిందన్నా" అన్నాడు. తర్వాత, "ఆ మెయిలొకటి నాకు పంపరాదన్నా, కొత్త దగ్గర అడుగుతున్నరు" అన్నాడు. కంపెనీ మెయిలు బయటికి పంపకూడదు. మేనేజరు వెంటపడి, తప్పు అతనిది కాదని వెండరుకి ఒక లెటరు ఇప్పించేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది.

ఇదీ కథ. ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను.

లాగ్ సెట్టింగులు మెషిను కోసం అనుకుంటాం. కాదు, మనుషుల కోసం. అన్నిటికంటే ఎక్కువగా, గదిలో తన తరఫున మాట్లాడేవాళ్ళు లేని మనిషి కోసం. మేనేజరుకి హోదా ఉంటుంది, నాలాంటి పర్మనెంటు ఉద్యోగికి పరిచయాలుంటాయి. రాత్రి షిఫ్టు కాంట్రాక్టు కుర్రాడికి ఉన్న ఏకైక సాక్షి ఆ లాగ్. దాన్ని డిఫాల్టుకి వదిలెయ్యడమంటే అతని సాక్షిని కోర్టుకి రాకుండా ఆపడమే.

ఇది మన ఆఫీసుల గొడవ మాత్రమే అనుకోకండి. బ్రిటన్‌లో పోస్టాఫీసు వాళ్ళ హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు డబ్బులు తక్కువ చూపిస్తోందని 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లకి దొంగతనం, మోసం లాంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకెళ్ళారు. సాఫ్ట్‌వేరులోనే లోపాలున్నాయని, దాన్ని తయారుచేసిన ఫుజిత్సు వాళ్ళు దూరం నుంచి బ్రాంచి లెక్కల్ని పోస్టుమాస్టరుకి తెలియకుండా మార్చగలిగేవాళ్ళని 2019 డిసెంబరులో అక్కడి హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసి మూకుమ్మడిగా శిక్షలు రద్దు చెయ్యాల్సొచ్చింది. ఎవరు ఏం మార్చారన్న చిట్టా నిందపడ్డ మనిషికి కూడా అందుబాటులో ఉండి ఉంటే ఇంతమంది బతుకులు ఇన్నేళ్ళు నలిగేవా?

రెండో సంగతి, లాగ్ అనేది డబ్బున్నవాళ్ళ సౌకర్యం కాకూడదు. 2023 జూన్‌లో తమ మెయిళ్ళలోకి ఎవరో చొరబడ్డారని అమెరికా విదేశాంగ శాఖ కనిపెట్టింది. ఎలా? ఏ మెయిలు ఎప్పుడు తెరిచారో చెప్పే లాగ్ వాళ్ళ దగ్గరుంది కాబట్టి. ఆ లాగ్‌ని మైక్రోసాఫ్ట్ అప్పట్లో ఖరీదైన ప్లాను కొన్నవాళ్ళకే ఇచ్చేది. విమర్శలొచ్చాక మామూలు ప్లానుకీ ఇస్తామని, మామూలుగా దాచే కాలాన్ని 90 నుంచి 180 రోజులకి పెంచుతామని ప్రకటించింది. తాళం అమ్మి, తలుపు ఎవరు తీశారో చెప్పడానికి వేరే రేటు పెట్టడం నాకైతే న్యాయంగా అనిపించదు.

మన దేశంలో నియమం ఉంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలూ, ప్రభుత్వ సంస్థలూ తమ సిస్టముల లాగ్స్ ఆన్ చేసి 180 రోజుల పాటు భద్రంగా దాచాలి. గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైముతో కలపాలి. నిర్దేశించిన సైబర్ ఘటన ఏదన్నా జరిగితే 6 గంటల్లో తెలియజెయ్యాలి. 180 రోజులెక్కడ, మా అయిదున్నర గంటలెక్కడ! మా దగ్గర ఈ నియమం ఒక ఎక్సెల్ షీటులో "అమలైంది" అని పచ్చరంగులో ఉండేది :)

అలాగని అన్నీ ఆన్ చేసిపారెయ్యమని కాదు. అన్నీ ఆన్ చేస్తే ఏమవుతుందో పైన చూశారుగా. ఇంకో ప్రమాదం, రాయకూడనివి రాయడం. 2018 మేలో అప్పటి ట్విటర్, ఒక బగ్ వల్ల పాస్‌వర్డులు తమ లోపలి లాగ్‌లో ఉన్నవి ఉన్నట్టు పడ్డాయని ఒప్పుకుని, 33 కోట్ల మంది యూజర్లని పాస్‌వర్డ్ మార్చుకోమని అడిగింది. విండోస్‌లో 4688 అనే ప్రాసెస్ ఎంట్రీతో పాటు కమాండ్ లైన్ కూడా రాయించొచ్చు. మంచిదే, కానీ కమాండులో పాస్‌వర్డ్ టైపు చేసే మహానుభావులు మన టీముల్లో తక్కువేం లేరు.

"లాగ్స్ పెంచితే ఉద్యోగుల మీద నిఘా పెరగదా?" అని ఒక స్నేహితుడన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అడ్మిన్ అకౌంటుతో సర్వరు మీద ఏం చేశారో రాయడం వేరు, మనిషి ఎన్నిసార్లు సీటు లోంచి లేచాడో లెక్కపెట్టడం వేరు. నా మటుకు నాకు గీత ఒక్కటే. ఏ లాగ్ చూపించి ఒకణ్ణి తప్పుపడతారో, ఆ లాగ్ ముందు అతనికి చూపించాలి. లాగ్ లేకపోతే "మానవ తప్పిదం" అని రాసే హక్కు ఎవరికీ లేదు. "కారణం తెలియలేదు" అని రాయాలి. క్లయింటుకి ఆ మాట చెప్పడం నామోషీ అనే కదా, ఒక మనిషి పేరు వెతుక్కుంటాం?

"స్టోరేజికి ఖర్చు" అనేది ఇంకో వాదన. క్లౌడులో లాగ్స్‌కి జీబీ చొప్పున వసూలు చేస్తారు, నిజమే. కానీ మా సర్వరు సంగతే చూడండి. రోజుకి 10 ఎంబీ అంటే 1 జీబీలో మూడు నెలలు పైగా. మన ఫోన్లలో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు ఇంతకంటే ఎక్కువ చోటు తింటాయి. ఖర్చయ్యేది చెత్త రాయించినప్పుడు. ఏది చెత్తో తేల్చడానికి ఒక మనిషి ఒక పూట కూర్చోవాలి. మనం నిజంగా మిగుల్చుకుంటున్నది ఆ ఒక్క పూట.

ఆ పూట కూర్చుంటే నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ఒకటి, సైజు. సీఐఎస్ బెంచ్‌మార్క్ సెక్యూరిటీ లాగ్‌కి కనీసం 1,96,608 కేబీ, అంటే 192 ఎంబీ ఉండాలంటుంది. అది కనీసం. మీ సర్వరు రోజుకి ఎంత రాస్తోందో కొలిచి, ఎన్ని రోజులు కావాలో దాంతో గుణించి పెట్టుకోండి. రెండు, లాగిన్లు సఫలమైనవీ విఫలమైనవీ రెండూ రాయించండి. ఫైల్ ఆడిటింగ్ ముఖ్యమైన ఫోల్డర్లకే పెట్టండి. టాస్క్ హిస్టరీ ఆన్ చెయ్యండి. మూడు, లాగ్ నిండితే ఏం చెయ్యాలో ఎంచుకోండి. పాతవి చెరిపి రాయొచ్చు, పాత ఫైలుని ఆర్కైవ్ చేసి కొత్తది మొదలెట్టొచ్చు, లేదా చేత్తో ఖాళీ చేసేదాకా రాయడం ఆపెయ్యొచ్చు. ఆడిట్ రాయలేకపోతే సర్వరునే ఆపేసే సెట్టింగు కూడా ఒకటుంది, దాన్ని అర్థం చేసుకోకుండా ముట్టుకోకండి. నాలుగు, లాగ్ కాపీ ఇంకో మెషినుకి పంపండి. దొంగ పోతూ పోతూ లాగ్ చెరిపేస్తే 1102 అనే ఒక్క ఎంట్రీ మిగులుతుంది, "ఇక్కడొక చిట్టా ఉండేది" అని చెప్పే సమాధి రాయిలా. అయిదు, ఎవరి అకౌంటు వాళ్ళకివ్వండి. పది మంది ఒకే పేరుతో తిరిగే చోట ఎంత గొప్ప లాగైనా గుడ్డిదే.

ఆరోది నేను కొనితెచ్చుకున్న పాఠం. తాత్కాలికంగా ఏ సెట్టింగు ఆన్ చేసినా, ఆఫ్ చెయ్యాల్సిన టైము కూడా టికెట్లో అప్పుడే రాసెయ్యండి. ముందు అది రాసి, ఆ తర్వాత టీకి వెళ్ళండి.

రేపు ఆఫీసుకి వెళ్ళగానే ఒక పని చేసి చూడండి. మీ సర్వరు సెక్యూరిటీ లాగ్ తెరిచి అట్టడుగున ఉన్న ఎంట్రీ తారీఖు చూడండి. మీ టీములో ఎవరి మీదైనా నింద పడితే, నిజం చెప్పడానికి మీ సర్వరుకి అంతవరకే గుర్తుంది. ఆ తారీఖు నిన్నటిదైతే, మిగతా పనులు కాసేపు ఆగినా ఫరవాలేదు.